కాళ్లు ముందు, నేల తర్వాత

(కాకినాడలో సైన్స్ డే సందర్భంగా డిగ్రీ విద్యార్థుల ముందు ఒక రిటైర్డ్ జువాలజీ లెక్చరర్ చేసిన ప్రసంగం. రికార్డింగ్ విని రాసినది.)

అందరికీ నమస్కారం. మైకు కాస్త దూరం జరపండి బాబూ. క్లాసులో అరిచే అలవాటు నాకింకా పోలేదు.

ఈ బకెట్లో ఏముందని వచ్చినప్పటి నుంచి అడుగుతున్నారు. కొరమీను. తెలంగాణ వాళ్లు కొర్రమట్ట అంటారు, వాళ్లకది రాష్ట్ర చేప కూడా. పొద్దున ఏడింటికి మార్కెట్లో కొన్నాను. బకెట్లో నీళ్లు జానెడు కూడా లేవు. ఇప్పుడు పదకొండు దాటింది. మూత మీద చెయ్యి పెడితే లోపల కొడుతోంది, నిక్షేపంగా ఉంది.

మార్కెట్లో మీరూ చూసే ఉంటారు. బొచ్చె, శీలావతి ఐసు మీద పడుకుని ఉంటాయి. కొరమీను మాత్రం టబ్బులో కదులుతూ ఉంటుంది. దాని రేటు అంత ఉండటానికి అదొక కారణం, ప్రాణంతో ఇంటికొచ్చే చేప అది. నీళ్లలోంచి తీస్తే చేప చచ్చిపోతుందని కదా మనకి తెలుసు. దీనికి రివర్సు. నీటి పైకి రాకుండా లోపలే వల కట్టి ఆపేశామనుకోండి, ఊపిరాడక చచ్చిపోతుంది. చేప నీళ్లలో మునిగి చావడం! పైకొచ్చి గాలి గుటక వేసుకోకపోతే దానికి గడవదు.

ఇది చూపించి నా క్లాసుల్లో ఒక ప్రశ్న అడిగేవాణ్ణి. గాలి పీలుస్తుంది, వానాకాలం ఒక గుంటలోంచి ఇంకో గుంటకి తడి నేల మీద పాకుతుంది. అయితే మన పూర్వీకుడు ఇలాంటిదేనా? సగం మంది చేతులెత్తేవారు. కాదు. చేప నేల మీదికి ఎలా వచ్చిందో ఈ కాదులోనే ఉంది.

కొరమీను గాలి పీల్చేది ఊపిరితిత్తులతో కాదు. తలలో, మొప్పల పైన, చిన్న గదిలాంటిది ఉంటుంది. ఆ ఏర్పాటు దాని సొంతం, మనకి రాలేదు. రెండోది, దాని వాజాలు. వాజం అంటే లోపల పుల్లలు, పైన పొర. విసనకర్ర లాంటిది. అందులో మన చేతికి పోలిక వచ్చే ఎముక లేదు. ఆ పోలిక కావాలంటే బకెట్ వదిలేసి ఆదివారం మధ్యాహ్నం కంచంలోకి చూడాలి.

(నవ్వులు)

నవ్వకండి, నిజంగానే చెబుతున్నాను. చికెన్ లెగ్ పీస్ తీసుకోండి. తొడ భాగంలో ఒకే ఎముక. కింది భాగంలో ఒక లావు ఎముక ఉంటుంది, దాన్ని అంటుకుని సూదిలాంటి సన్నటి ఎముక ఇంకోటి ఉంటుంది. పిల్లలకి పెట్టేటప్పుడు అమ్మలు భయపడి తీసేస్తారే, అది. అంటే రెండు. రెక్క చూడండి, భుజం దగ్గర ఒకటి, మధ్య ముక్కలో రెండు. ఇప్పుడు మీ చెయ్యి మీరే పట్టుకోండి. మోచేతి పైన ఒకటి, కింద రెండు. ఆ తర్వాత మణికట్టు దగ్గర చిన్న చిన్న ముక్కలు, ఆ తర్వాత వేళ్లు. కప్పకీ ఇదే వరస, గబ్బిలానికీ తిమింగలం తెడ్డుకీ ఇదే వరస. ఒకటి, రెండు, చిన్నవి, వేళ్లు.

కెనడాలో మిగ్వాషా అని ఒక చోటుంది. సుమారు 38 కోట్ల ఏళ్ల నాటి రాళ్లు. అక్కడ దొరికిన యూస్థెనోప్టెరాన్ అనే చేప ముందు వాజం కండతో గుజ్జుగా ఉండేది, లోపల మొదట ఒక ఎముక, దాని తర్వాత రెండు. అచ్చం మన వరసే. పక్కా చేప అది, నేల మీదికి వచ్చిన దాఖలా ఏదీ లేదు. అయినా మోచేతి పైన ఒకటి, కింద రెండు అనే లెక్క అప్పటికే ఉంది.

ఇక నా తప్పు సంగతి చెప్పాలి. చెప్పకపోతే ఈ ఉపన్యాసానికి అర్థం లేదు.

నేను 1979లో లెక్చరర్‌గా చేరాను. అప్పట్లో మా పుస్తకాల్లో కథ ఇలా ఉండేది. డెవోనియన్ కాలంలో, అంటే సుమారు 42 నుంచి 36 కోట్ల ఏళ్ల కిందట, కరువులు వచ్చాయి. చెరువులు ఎండిపోయాయి. పాపం చేపలు ఇంకో చెరువు వెతుక్కుంటూ వాజాల మీద పాకాయి. గట్టి వాజాలున్నవి బతికాయి. పాకగా పాకగా అవే కాళ్లయ్యాయి. హార్వర్డ్‌లో పనిచేసిన ఆల్ఫ్రెడ్ రోమర్ ఈ వాదాన్ని బాగా ప్రచారంలోకి తెచ్చారు. ఆయన వాదంలో ఒక చమత్కారం ఉంది, కాళ్లు వచ్చింది నీళ్లు వదిలెయ్యడానికి కాదు, మళ్లీ నీళ్లలోకి చేరడానికి అని. వినడానికి ఎంత బాగుందో చూడండి. ఎండాకాలం మన చెరువులు తెలిసినవాళ్లకి వెంటనే ఎక్కేస్తుంది. నేనైతే చేతులు నేలకానించి, పాకి మరీ చూపించేవాణ్ణి.

ఆ పాఠం చివర ఒక బొమ్మ ఉండేది. ఇక్తియోస్టెగా. గ్రీన్‌లాండ్‌లో దొరికిన తొలి నాలుగుకాళ్ల జంతువు. 1931లో అక్కడికి వెళ్లిన స్వీడన్ కుర్రాడు గున్నార్ సేవే-సోడర్‌బెర్గ్ దాన్ని వెలుగులోకి తెచ్చాడు. అప్పటికతని వయసు 21. మీ సీనియర్ల వయసు. పాపం క్షయతో 38 ఏళ్లకే పోయాడు. ఆ ఎముకల మీద పని ఎరిక్ యార్విక్ అనే ఆయన చేతికొచ్చింది. ఆయన ఎంత నిదానస్తుడంటే పూర్తి గ్రంథం 1996లో బయటికొచ్చింది! ఆయన ముందే గీసిన బొమ్మలో వెనక పాదానికి అయిదు వేళ్లు. ప్రపంచమంతా ఆ బొమ్మే. మా పుస్తకంలోనూ అదే.

ఒకసారి పరీక్షలో ఒక కుర్రాడు ఆ బొమ్మ వేస్తూ వెనక పాదానికి ఏడు వేళ్లు పెట్టాడు. అజాగ్రత్తగా గీశాడు, అంతే. ఎర్ర ఇంకుతో సున్నా చుట్టి అర మార్కు తీసేశాను. పైగా క్లాసులో, వేళ్లు లెక్కపెట్టడం రాకపోతే జువాలజీ ఎందుకురా అన్నాను కూడా.

ఇక్తియోస్టెగా వెనక పాదానికి ఉన్నవి ఏడు వేళ్లేనమ్మా.

(నవ్వులు, చప్పట్లు)

1990లోనే పరిశోధన పేపరు వచ్చింది. మా కాలేజీ దాకా చేరడానికి పదేళ్లు పైనే పట్టింది. ఆ కుర్రాడికి ఇప్పుడు యాభై దాటి ఉంటాయి. ఎక్కడున్నాడో తెలియదు. ఆ అర మార్కు ఇంకా బాకీనే.

ఆ పేపరు వెనకున్నది జెన్నీ క్లాక్, ఇంగ్లండ్‌లో కేంబ్రిడ్జిలో పనిచేశారు. ఆవిడకి దారి చూపించింది ఒక పాత నోట్‌బుక్కు. 1970లో గ్రీన్‌లాండ్ వెళ్లిన ఒక జియాలజీ విద్యార్థి, ఫలానా కొండ మీద ఇక్తియోస్టెగా పుర్రె ముక్కలు బాగా ఉన్నాయని రాసి పెట్టుకున్నాడు. ఆ ఎముకలూ, ఆ నోట్‌బుక్కూ కేంబ్రిడ్జిలోనే ఇంకో డిపార్ట్‌మెంట్‌లో ఏళ్ల తరబడి పడున్నాయి. ఆవిడ 1987లో వెళ్లి అదే కొండ మీద వెతికారు. దొరికింది అకాంతోస్టెగా. సుమారు 36 కోట్ల 50 లక్షల ఏళ్ల నాటిది, రెండడుగుల జంతువు. ఒక నమూనాకి బోరిస్ అని ముద్దుపేరు కూడా పెట్టుకున్నారు.

దాని ముందు కాలి చుట్టూ ఉన్న రాయిని ఓపిగ్గా తొలిచి చూస్తే ఒకటి, రెండు, మూడు... ఎనిమిది వేళ్లు తేలాయి. అదే కాలం నాటి ఇంకో జంతువు రష్యాలో దొరికింది, తులెర్పెటాన్, దానికి ఆరు. అయిదు అనేది మొదటి నుంచీ ఉన్న లెక్క కాదు. రకరకాలుగా ఉండి, ఆనక అయిదు దగ్గర ఆగింది. మనకే చేతికి ఎనిమిదేసి ఉండి ఉంటే రెండు చేతులా లెక్కపెట్టి నిజంగానే పదహారణాల తెలుగువాళ్లం అయ్యేవాళ్లం.

వేళ్ల లెక్క తమాషాగా ఉంది కాబట్టి అందరికీ అదే గుర్తుంటుంది. నన్ను కుదిపింది అది కాదు. బోరిస్‌కి కాళ్లున్నాయి, వేళ్లున్నాయి. కానీ బరువు మోసే మణికట్టు లేదు. పక్కటెముకలు పొట్టివి, నేల మీద పొట్టని ఎత్తి పట్టలేవు. తోకకి చేపకున్నట్టే వెడల్పాటి వాజం. ఇంకా చూడండి, మొప్పల ఎముకల మీద రక్తనాళం వెళ్లే గాడి స్పష్టంగా ఉంది. అంటే నీళ్లలోనే ఊపిరి పీల్చింది. కాళ్లున్న జంతువు నీళ్లు వదల్లేదు!

మరి నేను పాకి చూపించిన కథ ఏమైనట్టు? కరువు వచ్చింది కాబట్టి కాళ్లొచ్చాయి అన్నాను. ఇక్కడ కాళ్లు నీళ్లలోనే వచ్చాయి. నాచూ తీగలూ కొమ్మలూ అడ్డం పడి ఉన్న లోతులేని నీళ్లలో ఈత కన్నా నెట్టుకుంటూ పోవడం తేలిక. పిల్ల కాలవలో దిగి గుర్రపుడెక్క మధ్య నడిచినవాళ్లకి తెలుస్తుంది, అక్కడ ఈత పనికిరాదు, చేతులతో తోసుకుంటూ పోవాలి. అక్కడ కాలు పనికొచ్చింది. నేల సంగతి తర్వాత.

చేపకీ కాళ్ల జంతువుకీ మధ్య రకం, టిక్టాలిక్, దాని పేరు మీలో చాలామంది విన్నారనుకుంటాను. అది దొరికిన తీరు చూడండి. వెతికింది ముగ్గురు శిలాజ శాస్త్రవేత్తలు, నీల్ షూబిన్, టెడ్ డేష్లర్, ఫారిష్ జెంకిన్స్. వీళ్లు ఎక్కడ పడితే అక్కడ లంకెబిందెల కోసం తవ్వినట్టు తవ్వలేదు. 38 కోట్ల ఏళ్ల రాళ్లలో వాజాలున్న చేపలున్నాయి, 36 కోట్ల 50 లక్షల ఏళ్ల రాళ్లలో కాళ్లున్నవి ఉన్నాయి. మధ్యవి కావాలంటే మధ్య వయసు రాళ్లు కావాలి. పైగా అవి పాత ఏటి ఒడ్డున పేరుకున్న ఒండ్రు అయ్యుండాలి. అలాంటివి ఎక్కడున్నాయని మ్యాపులు చూశారు. అప్పటికి ఎవరూ ఎముకల కోసం సరిగా వెతకని చోటు ఉత్తర కెనడాలో ఎల్స్‌మియర్ దీవి. ధ్రువపు ఎలుగుబంట్లు తిరిగే చోటు. 1999లో మొదలుపెట్టారు. మూడుసార్లు వెళ్లినా అనుకున్నది దొరకలేదు. నాలుగోసారి, 2004 జులైలో, రాతిలోంచి ఒక మూతి బయటికి పొడుచుకొచ్చి కనిపించింది. డెవోనియన్లో ఆ చోటు భూమధ్యరేఖ దగ్గర ఉండేది లెండి, ఇప్పుడే అంత చలి. లోకానికి ప్రకటించింది 2006 ఏప్రిల్లో. పేరు పెట్టమని అక్కడి ఇన్యూట్ పెద్దలనే అడిగారు. వాళ్ల భాషలో టిక్టాలిక్ అంటే మంచినీటి పెద్ద చేప. నాకు చాలా నచ్చిన పని అది.

పెద్దవి తొమ్మిదడుగుల దాకా ఉంటాయి. ఒంటి నిండా పొలుసులు, వాజాలు, కాబట్టి చేప. తల చూస్తే మొసలి తలలా చదును, కళ్లు నడినెత్తిన. వాజం లోపల మణికట్టు లాంటి ఎముకలు, దాంతో ఒళ్లు కాస్త పైకెత్తగలదు. వీటన్నిటికన్నా నాకు ఆశ్చర్యం దాని మెడ.

చేపకి మెడ ఉండదు. ఎప్పుడైనా ఆలోచించారా? చేపని కోసేటప్పుడు మొప్ప వెనక కత్తి ఆనేది గట్టి ఎముకకి. అది భుజం ఎముక, పుర్రెకి అతుక్కుని ఉంటుంది. అందుకే చేప పక్కకి చూడాలంటే ఒళ్లంతా తిప్పాలి. లోతు నీళ్లలో పర్లేదు, చుట్టూ ఖాళీనే. లోతులేని చోట కాళ్లు నేలకానించి ఉన్నప్పుడు ఒళ్లు తిప్పడం కష్టం, తల ఒక్కటీ తిరిగితే ఎంత సుఖం! టిక్టాలిక్‌లో ఆ అతుకు ఊడిపోయింది. మనం ఇవాళ అవునని తల ఊపుతున్నా, కాదని తిప్పుతున్నా ఆ ఊడిన అతుకు పుణ్యమే.

అయితే టిక్టాలిక్ మన తాతా? న్యూస్ పేపర్లన్నీ అలాగే రాశాయి. 2010లో పోలెండ్‌లో జాహెల్మియే అనే చోట రాతి క్వారీలో అడుగుల ముద్రలు బయటపడ్డాయి. వయసు సుమారు 39 కోట్ల ఏళ్లు. టిక్టాలిక్ కన్నా కోటిన్నర ఏళ్ల పాతవి! అవి అడుగులే కావని వాదించేవాళ్లూ ఉన్నారు, ఆ తగువు తెగలేదు. అడుగులే అయితే మాత్రం టిక్టాలిక్ కన్నా ముందే నడిచినవాళ్లున్నారన్నమాట. అప్పుడది తాత కాదు, చిన్నతాత. మన ఇళ్లలో చూడండి, తాతగారి ఫొటో ఉండదు, చిన్నతాత ఫొటో ఒకటి గోడకి ఉంటుంది. అచ్చం ఇలాగే ఉండేవాడురా మీ తాత అంటారు. టిక్టాలిక్ ఆ ఫొటో.

ఇంకో మాట, వేళ్ల గురించి. మిగ్వాషాలోనే దొరికిన ఎల్పిస్టోస్టెగె అనే చేప పూర్తి అస్థిపంజరాన్ని స్కాన్ చేసి 2020లో చూపించారు. వాజం లోపల, పొలుసుల కింద, వేళ్ల ఎముకలు దాక్కుని ఉన్నాయి. చేతికి గ్లౌజు తొడిగినట్టు. వేళ్లు కూడా నీళ్లలోనే, వాజంలోనే మొదలయ్యాయి.

సరే, ఊపిరితిత్తులు. అవైనా నేల కోసం వచ్చాయా? అదీ కాదు. ఇంట్లో చేప కోస్తుంటే కడుపులోంచి తెల్లటి గాలి బుడగ వస్తుంది. చిన్నప్పుడు దాన్ని కాలితో తొక్కి టప్పుమని పేల్చేవాళ్లం. నీళ్లలో తేలడానికి పనికొచ్చే తిత్తి అది. ఆ తిత్తే మారి ఊపిరితిత్తి అయ్యిందని డార్విన్ అనుకున్నారు. అంత పెద్దాయనకీ ఇక్కడ తలకిందులైంది. ఊపిరితిత్తే ముందు. ఎముకల చేపలన్నిటి ఉమ్మడి పూర్వీకుడికే గాలి పీల్చే తిత్తి ఉంది. తర్వాత ఎక్కువ చేపల్లో అది ఈత బుడగ అయింది. ఊపిరితిత్తిని అలాగే ఉంచుకున్నవాటిలో ఊపిరితిత్తుల చేపలు, అంటే లంగ్‌ఫిష్‌లు, ఇప్పుడు ఆరు రకాలే. ఆస్ట్రేలియాలో ఒకటి, దక్షిణ అమెరికాలో ఒకటి, ఆఫ్రికాలో నాలుగు. బతికున్న చేపల్లో మనకి అన్నిటికన్నా దగ్గర బంధువులు అవే. బకెట్లో ఉన్న కొరమీనుకి అవి ఎంత దూరమో, మనకి అంత దగ్గర.

మన దగ్గర లేవా అని అడగొచ్చు. ఇప్పుడు లేవు, ఒకప్పుడు ఉన్నాయి. ఆసిఫాబాద్ వైపు మలేరి అని ఒక ఊరు. అక్కడి ఎర్రమట్టి రాళ్లలో ఈ ఊపిరితిత్తుల చేపల పళ్లు దొరికాయి, సెరటోడస్ అనే రకం. 1859లోనే థామస్ ఓల్డ్‌హామ్ వాటి గురించి రాశారు. రాళ్ల వయసు 20 కోట్ల ఏళ్ల పైమాటే. ప్రాణహిత గోదావరి లోయ అంటే మనవాళ్లకి డైనోసార్లే గుర్తొస్తాయి. నాకు ఆ పళ్లే ముద్దు. దువ్వెన పళ్లలా గట్లు గట్లుగా ఉంటాయి.

ఈ ఊపిరితిత్తి మొదట ఆహారనాళం కింది గోడలోంచి పుట్టిన సంచి. అందుకే మనకి గాలి దారీ అన్నం దారీ గొంతులో అడ్డంగా దాటుకుంటాయి. ఎవడైనా కొత్తగా ప్లాను గీస్తే ఇలా గియ్యడు, రెండు దారులూ వేరు చేస్తాడు. చేప నుంచి వచ్చిన ఇల్లు కాబట్టి పాత గోడలు కూల్చకుండా గదులు కట్టుకున్నాం. అందుకే మనకి పొలమారుతుంది. ఎవరో తలుచుకుంటున్నారని మా అమ్మ నెత్తిన తట్టేది.

ఇంతకీ నేల మీదికి ఎందుకొచ్చాయి? అక్కడ తిండి ఉంది. జెర్రులూ రోకలిబండల బంధువులూ, తేళ్లూ కోట్ల ఏళ్ల ముందే నేల మీద చేరాయి. వాటిని తినేవాడు లేడు. ఆ తిండి ముందు కంటికి కనపడాలి కదా. 2017లో మాల్కమ్ మెకైవర్, లార్స్ ష్మిట్జ్ అనేవాళ్లు శిలాజాల పుర్రెల్లో కంటి గుంటలు కొలిచారు. కాళ్లు పూర్తిగా రాకముందే, నీళ్లలో ఉండగానే, కళ్లు దాదాపు మూడింతలు పెద్దవయ్యాయి, నెత్తి మీదికి జరిగాయి. మురికి నీళ్లలో చూపు కొద్ది దూరమే ఆనుతుంది, అక్కడ కన్ను ఎంత పెద్దదైనా ఒకటే. తల పైకి పెట్టి గాలిలోంచి చూస్తే ఒడ్డంతా కనిపిస్తుంది. ఒడ్డు మీద వడ్డన చూశాకే లేచారన్నమాట.

ఇది పుస్తకాల్లో చదవక్కర్లేదు. మీకు పక్కనే కోరింగ మడ అడవులున్నాయి. ఆటు పోటు మధ్య బురద మీద గెంతే చిన్న చేపలు, నెత్తిన ఉబ్బిన కళ్లు. అవి నడిచే తీరు చూడండి, ముందు వాజాలు రెండూ ఒకేసారి ఊని ఒళ్లు ముందుకి ఈడ్చుకుంటాయి, చంకల్లో కర్రలు పెట్టుకుని నడిచేవాళ్లలా. 2012లో ఇక్తియోస్టెగా ఎముకల కీళ్లు కంప్యూటర్లో కదిపి చూస్తే అదీ ఇలాగే నడిచి ఉంటుందని తేలింది. వెనక కాళ్లు తెడ్లలా ఉన్నాయి తప్ప నడవడానికి తిరగవు. మా బొమ్మలో నాలుగు కాళ్ల మీద బల్లిలా ఠీవిగా నిలబడి ఉండేది. వేళ్లూ తప్పే, నడకా తప్పే.

నేను ఇక్కడ ఆపుతాను. ప్రశ్నలుంటే అడగండి.

(ఒక విద్యార్థిని: సార్, మత్స్యం, కూర్మం, వరాహం... దశావతారాల్లో ఇదే కదా సార్ ఉంది?)

ఎప్పుడూ వచ్చే ప్రశ్నే, ఇవాళ రాలేదేమా అనుకుంటున్నాను. హాల్డేన్ అనే పెద్ద శాస్త్రవేత్త, మన దేశానికి వచ్చి ఇక్కడే స్థిరపడినాయన, ఆయన కూడా ఈ పోలిక మెచ్చుకున్నారు. వరస అందంగా ఉంటుంది, కాదనను. కానీ ఒకటి చూడమ్మా. కూర్మం నేల మీది వాళ్ల సంతతి, గాలి పీల్చే జంతువు, గుడ్లు ఒడ్డుకొచ్చి పెడుతుంది. నీళ్లకి తిరిగెళ్లిన బాపతు. చేపకీ నేలకీ మధ్య ఉండాల్సింది కప్ప లాంటిది. కప్ప అవతారం ఎక్కడుందో చెప్పు? పురాణాన్ని పురాణంగా చదువుకో, బాగుంటుంది. పరీక్షలో మాత్రం రాయకు.

(ఇంకొక విద్యార్థి: ఈ కొరమీను ఇంకొన్ని కోట్ల ఏళ్లకి నేల మీదికి వచ్చేస్తుందా సార్?)

వచ్చి ఏం చేస్తుంది నాయనా? అప్పుడు ఒడ్డు ఖాళీ. వచ్చినవాణ్ణి తినేవాడు లేడు. ఇప్పుడు ఒడ్డున కొంగ ఉంది, పిల్లి ఉంది, చింతపండు నానబెట్టుకుని మనం ఉన్నాం. దానికి గుంట నుంచి గుంటకి పాకడం చాలు.

సరే, ఇక బకెట్ చూద్దురుగాని. ఒక్కొక్కళ్లే రండి, తోసుకోకండి. గడియారం చూసుకుని ఎన్ని నిమిషాలకోసారి గాలి గుటక వేస్తుందో రాయండి. మూత తీసేటప్పుడు పైన చెయ్యి అడ్డం పెట్టు బాబూ, ఎగురుతుంది. సాయంత్రం దాన్ని తీసుకెళ్లి మా వెనక చెరువులో వదలాలి, కూర అనుకునేరు.